మూడుల్‌కు ప్యాచ్ వేసే ముందు జాగ్రత్తలు

కాలేజీ మూడుల్ (ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్‌లో విద్యార్థుల ఫోన్ నంబర్లు, మార్కులు బయటివాళ్లకు కనిపించే లోపం ఉందని తెలిస్తే ఎవరికైనా టెన్షనే. అయినా దాన్ని సరిచేసే ప్యాచ్, అంటే అప్‌డేట్, మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు లాగ్‌లు (సైట్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే ఫైళ్లు, రికార్డులు) కాపీ చేసి వేరే చోట దాచండి. వెబ్ సర్వర్ లాగ్, మూడుల్ సొంత లాగ్ రెండూ కావాలి. ఎవరి వివరాలు ఎవరు చూశారో తేల్చడానికి అవే ఆధారం. చాలా సర్వర్లలో పాత లాగ్‌లు వాటంతటవే చెరిగిపోతాయి, కాబట్టి రేపు చూద్దాం అనుకోవద్దు. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం మన దేశంలో 180 రోజుల లాగ్‌లు ఉంచాలి. డేటా లీకైతే, తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. ఆ మెయిల్ ఎవరు పంపుతారో ఇప్పుడే తేల్చుకోండి.

• బ్యాకప్ అంటే డేటాబేస్ ఒక్కటే కాదు. మూడుల్‌డేటా ఫోల్డర్ (అప్‌లోడ్ చేసిన ఫైళ్లు ఉండేది), కోడ్, కాన్ఫిగ్ ఫైల్ కూడా తీయండి. ఆ బ్యాకప్‌ను వెబ్‌సైట్ ఫోల్డర్‌లోనే పెట్టకండి. ఫైల్ పేరు ఊహించినవాళ్లు మొత్తం డౌన్‌లోడ్ చేసుకోగలరు.

• లోపం మూడుల్‌దా, దానికి అదనంగా తగిలించిన ప్లగిన్‌దా? ప్లగిన్‌దైతే ముందు దాన్ని ఆపేయండి.

• లోపం నిజమో కాదో చూడటానికి టెస్ట్ ఖాతాలే వాడండి. పిల్లల అసలు రికార్డులు తెరవద్దు. స్క్రీన్‌షాట్లు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టవద్దు, అది ఇంకో లీకే.

• క్విజ్ ఏదైనా నడుస్తుంటే, మెయింటెనెన్స్ మోడ్ (సైట్‌ను తాత్కాలికంగా ఆపడం) పెట్టే ముందు ఆ లెక్చరర్‌కు ఫోన్ చేయండి.