ఒప్పంద పత్రాన్ని చదవడం – 3వ పాఠం: గ్రాంటు, రుణం, వడ్డీ

గత పాఠంలో, 1949 ఆగస్టు 8న డార్జిలింగ్‌లో కుదిరిన భారత్–భూటాన్ ఒప్పందంలోని 5వ అధికరణం రెండు దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్యానికి ఎలా చోటిచ్చిందో చదివాం. అయితే సరుకు కదలడానికి దారి కావాలి కదా! 1961లో భూటాన్ మొదటి పంచవర్ష ప్రణాళిక భారత్ నిధులతో మొదలై, భారత్ సరిహద్దును ఆనుకున్న భూటాన్ పట్టణం ఫుంట్‌షోలింగ్ నుంచి లోపలికి రోడ్డు పడడం మొదలయ్యాకే ఆ అధికరణానికి ప్రాణం వచ్చింది. ఈ పాఠంలో ఆ తరువాతి దశకు, అంటే భూటాన్‌లో విద్యుత్ కేంద్రాలు కట్టడానికి భారత్ డబ్బు సమకూర్చిన జలవిద్యుత్ ఒప్పందాలకు వద్దాం.

ఇలాంటి పత్రం చేతికి వచ్చినప్పుడు మొత్తం వ్యయం దగ్గర ఆగిపోకండి. ఆ మొత్తంలో గ్రాంటు (తిరిగి చెల్లించనక్కర్లేని సొమ్ము) ఎంత, రుణం ఎంత, రుణానికి వడ్డీ ఎంత అన్న మూడింటినే ముందు వెతికి, నూరు రూపాయల పెట్టుబడికి మొదటి ఏడాది ఎంత వడ్డీ పడుతుందో లెక్క కట్టండి.

వాంగ్‌చు నది మీది చుఖా ప్రాజెక్టును తీసుకుందాం. దాని సామర్థ్యం 336 మెగావాట్లు. ఒప్పందం 1974 నాటిది. నూటికి 60 రూపాయలు గ్రాంటు, 40 రూపాయలు రుణం, వడ్డీ 5 శాతం. అంటే నూటికి పడే వడ్డీ 2 రూపాయలు. అదే నది మీద దిగువన, 2006–07లో ఉత్పత్తి మొదలుపెట్టిన 1,020 మెగావాట్ల తాలాలోనూ నిష్పత్తి 60:40గానే ఉంది కాబట్టి, తొందరగా చదివేవారు షరతులు మారలేదనుకుంటారు. కానీ అక్కడ వడ్డీ 9 శాతం. నూటికి 3 రూపాయల 60 పైసలు. 2019లో ప్రారంభమైన 720 మెగావాట్ల మాంగ్డెచుకు వచ్చేసరికి గ్రాంటు 30కి తగ్గి, రుణం 70కి పెరిగి, వడ్డీ 10 శాతమైంది. నూటికి 7 రూపాయలు! మూడు ప్రాజెక్టుల గురించీ వార్తల్లో కనిపించే మాట మాత్రం ఒక్కటే: 'భారత్ సహాయంతో'. ఆ మాట కింద 2 రూపాయలున్నాయో 7 రూపాయలున్నాయో పట్టుకోవడమే మనం నేర్చుకుంటున్న పని.

అంతమాత్రాన భారత్ చేయి బిగించిందని తేల్చేయడం కూడా తొందరపాటే. అప్పు ఏ నాణెంలో ఉందో, రాబడి ఏ నాణెంలో వస్తుందో కూడా చూడాలి. ఈ రుణాలు రూపాయల్లో ఉన్నాయి, మిగులు విద్యుత్తును కొనే భారత్ చెల్లించేదీ రూపాయల్లోనే. పైగా 1974లో వచ్చిన భూటాన్ నాణెం ఎన్‌గుల్ట్రమ్ విలువ రూపాయితో సమానంగా ముడిపడి ఉంది. డాలరు అప్పు తెచ్చుకున్న దేశానికి ఉండే మారకపు భయం ఇక్కడ లేదు. ఉన్న చిక్కు వేరు. ఈ కేంద్రాలు పెద్ద జలాశయాలు లేకుండా నది ప్రవాహం మీద ఆధారపడినవి కాబట్టి, వానాకాలంలో మిగులు విద్యుత్తు అమ్మే భూటాన్, శీతాకాలంలో ప్రవాహం సన్నగిల్లినప్పుడు భారత్ నుంచి కొనుక్కోవలసి వస్తోంది.

ఇక నిర్మాణ జాప్యం. 1,200 మెగావాట్ల పునాత్సాంగ్‌చు–1లో, 2013లో ఆనకట్ట దగ్గర కుడిగట్టు కొండవాలు జారడంతో పనులు ఏళ్ల తరబడి వెనకబడ్డాయి. ఆదాయం ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు.

అభ్యాసం: పునాత్సాంగ్‌చు–1 షరతులు 40 గ్రాంటు, 60 రుణం, 10 శాతం వడ్డీ. నూటికి మొదటి ఏడాది వడ్డీ కట్టండి. తరువాత, రుణమంతా మొదటి రోజే అందిందనీ, చెల్లించని వడ్డీ ఏటా అసలులో కలుస్తుందనీ ఊహించుకుని, ఐదేళ్ల తరువాత బాకీ ఎంతో లెక్కించండి. మొదటి జవాబు 6 రూపాయలు; రెండవది 96 రూపాయల 63 పైసలు. రెండవ జవాబు తేడాగా వస్తే, మీరు బహుశా చక్రవడ్డీకి బదులు బారువడ్డీ కట్టి ఉంటారు.