క్రిస్మస్ రోజుల్లో పిల్లలతో ఇంటి ఆనవాయితీలు మొదలుపెట్టడం ఎలా?

డిసెంబరు వచ్చేసరికి పెద్దలకు ఊపిరి సలపదు. చెట్టు అలంకరించాలి, దీపాలు కట్టాలి, బహుమతులు కొనాలి, ఆరాధనలకు వెళ్లాలి, బంధువులను పిలవాలి. త్వరగా తెమిలిపోతుందని చాలా ఇళ్లలో పిల్లలు నిద్రపోయాక అన్నీ పెద్దలే చేసేస్తారు. పొద్దున్నే లేచిన పిల్లలు చూసి మురిసిపోతారు, కాసేపటికి మర్చిపోతారు. పండుగలో తమకంటూ ఒక పని ఉన్న పిల్లలు అలా మర్చిపోరు. యేసు పుట్టిన చోటును బొమ్మలతో చూపే పశువుల పాకలో గొర్రెల బొమ్మలు పెట్టే పని నాలుగేళ్ల పాపకు అప్పగించండి. మరుసటి ఏడాది ఆ గొర్రెలెక్కడ దాచావని మీకంటే ముందు తనే అడుగుతుంది. ఇంటి ఆనవాయితీ అక్కడ మొదలవుతుంది.

1. నవంబరులోనే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి

భార్యాభర్తలు వేర్వేరు ఇళ్లలో పెరిగినవాళ్లు. ఒకరింట్లో అర్ధరాత్రి ఆరాధన ముఖ్యం అయి ఉంటుంది, ఇంకొకరింట్లో ఉదయం అందరూ కలిసి బహుమతులు విప్పడం ముఖ్యం అయి ఉంటుంది. ఎవరి చిన్నప్పటి క్రిస్మస్‌లో ఏది బాగా గుర్తుండిపోయిందో చెప్పుకోండి. ఇద్దరి మతాలు వేరైతే ఈ మాటలు మరింత అవసరం. పిల్లలకు కథ ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు, ప్రార్థనలో ఎవరు ఎంతవరకు పాల్గొంటారు అన్నవి పండుగ నాడు పిల్లల ఎదుట తేల్చుకునే సంగతులు కావు.

ఆ తర్వాత రెండు మూడు పనులే ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చినా, చేతిలో డబ్బు లేకపోయినా ఇది చేయగలమా? చేయగలిగితే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఖర్చుతో, ప్రయాణంతో ముడిపడినవి వేడుకలుగా బాగుంటాయి గానీ వాటి మీద ఆనవాయితీ కట్టుకోవద్దని నా సలహా.

2. ఎదురుచూపుకు ఒక లెక్క పెట్టండి

చిన్న పిల్లలకు ‘ఇంకా మూడు వారాలు’ అంటే ఏమీ అర్థం కాదు. కంటికి కనిపించేది, చేత్తో తాకగలిగేది కావాలి. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవారు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే ఆయన ఒక పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు అమర్చారని చెబుతారు. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి చొప్పున వెలిగిస్తూ పోయేవారు. ఇప్పుడు ఇళ్లలో కనిపించే నాలుగు కొవ్వొత్తుల అడ్వెంట్ వలయానికి మూలం అదేనంటారు.

అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు కలిసి వచ్చే ఆగమన కాలం. మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది కాబట్టి ఏటా క్యాలెండరు చూసుకోవాలి. ఆకుపచ్చని కొమ్మలతో గుండ్రంగా వలయం చుట్టి, అందులో నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టండి. చాలా క్రైస్తవ సంఘాల్లో మూడు ఊదా రంగువి, మూడో ఆదివారానికి ఒక గులాబీ రంగుది వాడతారు. ఇంట్లో ఏ రంగువి ఉన్నా ఫరవాలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఇంకొకటి కలిపి వెలిగించండి, బైబిల్లోంచి ఒక చిన్న వాక్యభాగం చదవండి, ఒక పాట పాడండి. పది నిమిషాలు చాలు. ఆపై పిల్లలు కదలడం మొదలుపెడతారు, మీరు కసురుకుంటారు, ఆ సాయంత్రం పాడవుతుంది.

కొవ్వొత్తి పెద్దలే వెలిగించాలి, ఆర్పే పని పిల్లలకివ్వండి. వాళ్లకు అదే ఎక్కువ ఇష్టం. కొమ్మలు ఎండిపోతే మార్చండి, మంట దగ్గర ఎవరూ లేకుండా గది వదిలి వెళ్లకండి. మరీ చిన్నపిల్లలుంటే బ్యాటరీ దీపాలు పెట్టుకోండి.

మంట వద్దనుకునేవాళ్లు రంగు కాగితపు ముక్కలతో గొలుసు చేసి రోజుకొక కడియం తెంపవచ్చు. ప్రతి ముక్క లోపలి వైపు ఒక పని రాసి ఉంచండి: నానమ్మకు ఫోన్ చేయాలి, తమ్ముడికి కథ చదివి వినిపించాలి, ఆడుకోని బొమ్మల్లో ఒకటి ఇంకొకరికి ఇవ్వడానికి తీసి పెట్టాలి. ఈ పనులు మీరు నిజంగా చేయించగలిగేవై ఉండాలి. పరీక్షలున్న రోజుకు పెద్ద పని రాస్తే ఆ రోజుతో గొలుసు ఆగిపోతుంది.

3. పశువుల పాకను పిల్లల చేతికివ్వండి

నన్నడిగితే, ఒక్క ఆనవాయితీతో సరిపెట్టుకోవాలనుకునే ఇల్లు దీన్నే ఎంచుకోవాలి. 1223లో ఇటలీలోని గ్రెచో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సాధువు నిజమైన గడ్డి, ఎద్దు, గాడిదలతో యేసు పుట్టిన దృశ్యాన్ని జనం కళ్ల ముందు నిలిపారు. ఆయన ఉద్దేశం ఆ పేదరికం జనానికి కంటితో కనపడాలని. పిల్లలకూ అలాగే చూపించాలి.

మట్టి, అట్ట, చెక్క, గుడ్డ, ఏదైనా సరే. పగిలితే ఏడుపు వచ్చేంత ఖరీదైన బొమ్మలు మాత్రం వద్దు. పాకను అందరికీ కనిపించే చోట, పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో పెట్టండి. ఒకేరోజు అన్నీ పెట్టేయకండి. మొదటి వారం ఖాళీ పాక, తొట్టి మాత్రమే ఉండాలి. తర్వాత జంతువులు వస్తాయి. మరియ, యోసేపు గదిలో ఇంకో మూల నుంచి బయలుదేరి, రోజుకు కొంచెం దగ్గరగా జరుగుతూ రావాలి. ఎవరు జరపాలన్న పేచీ రాకుండా వంతులు ముందే రాసి గోడకు అంటించండి.

తొట్టి 24 రాత్రి దాకా ఖాళీగా ఉండాలి. పక్కన ఒక గిన్నెలో గడ్డిపరకలో కాగితపు పీలికలో పోసి ఉంచండి. ఎవరికైనా సాయం చేసినప్పుడల్లా పిల్లలు ఒక పరక తీసి తొట్టిలో వేస్తారు. దీన్ని మార్కుల పట్టికగా మార్చకండి. ఎవరు ఎన్ని వేశారో లెక్కపెట్టకండి, తప్పు చేశారని తీసివేయకండి. పెద్దలూ వేయాలి, ఎందుకు వేశారో చెప్పాలి.

24 రాత్రి ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు బాలయేసును తొట్టిలో పడుకోబెడతారు. అప్పుడు లూకా సువార్త 2వ అధ్యాయంలోని మొదటి ఇరవై వచనాలు చదవండి. చదవడం వచ్చిన పిల్లలుంటే వాళ్లే చదవాలి, తడబడినా మధ్యలో అందుకోకండి.

తూర్పు దేశపు జ్ఞానులు ఆ రాత్రి పాక దగ్గర ఉండకూడదు. వాళ్ల కథ మత్తయి 2వ అధ్యాయంలో ఉంది, అక్కడ వాళ్లు వచ్చింది ఇంటికి. కాబట్టి వాళ్లను కిటికీ దగ్గరో, పుస్తకాల అర మీదో ఉంచి, జ్ఞానుల రాకను తలుచుకునే జనవరి 6 నాటికి చేరేలా నడిపించండి. సెలవుల్లో పిల్లలకు మిగిలిన రోజుల్లో ఇది మంచి కాలక్షేపం. కాస్త పెద్ద పిల్లల చేత ఆ అధ్యాయం చదివించి, జ్ఞానులు ఎంతమందో వెతకమనండి. సంఖ్య ఎక్కడా ఉండదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకల పేర్లే ఉంటాయి. ఎద్దు, గాడిద కూడా సువార్తల్లోని జనన కథలో కనిపించవు. అవి యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోని మాట నుంచి వచ్చి చేరాయి. తమంతట తాము కనిపెట్టిన సంగతిని పిల్లలు ఊరంతా చెబుతారు.

4. ఇచ్చే బహుమతి ముందు, పుచ్చుకునేది తర్వాత

మీకేం కావాలని అడిగే ముందు, ఎవరికేం ఇద్దామని అడగండి. మూడేళ్ల పిల్లలు కాగితం మీద రంగులు పూయగలరు, దానితోనే పొట్లం చుట్టండి. ఎనిమిదేళ్లవాళ్లు తాతయ్యకు ఏం ఇష్టమో ఆయన్నే అడిగి తెలుసుకోగలరు. టీనేజీ పిల్లల చేతికి కొంత డబ్బిచ్చి, ఇంట్లో ఒకరి బహుమతి బాధ్యత పూర్తిగా వదిలేయండి. మీరు ఎంచేదానికంటే వేరేది తెచ్చినా వంక పెట్టకండి.

బహుమతులు విప్పేటప్పుడు అందరూ ఒకేసారి మీద పడకుండా ఒక్కొక్కరు విప్పాలి, మిగతావాళ్లు చూడాలి.

5. క్రిస్మస్ తాత గురించి అడిగితే

తాత నిజంగా ఉన్నాడా అన్న ప్రశ్న ఏదో ఒక ఏడాది రానే వస్తుంది. వెంటనే జవాబు చెప్పకుండా ‘నీకేమనిపిస్తోంది?’ అని అడగండి. ఇంకా నమ్మాలనుకునే పిల్లలు తమ జవాబులోనే అది చెప్పేస్తారు. నిజం తెలుసుకోవాలనే అడుగుతుంటే నిజం చెప్పండి. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి తుర్కియేలో ఉన్న మైరా పట్టణానికి నికొలస్ అనే బిషప్పు ఉండేవాడు, క్రిస్మస్ తాత కథకు మూలం ఆయనే. ముగ్గురు కూతుళ్ల పెళ్లి చేయలేని ఒక పేద తండ్రి ఇంట్లో రాత్రివేళ, ఎవరికీ తెలియకుండా డబ్బు సంచులు విసిరి వెళ్లాడని ఆయన గురించి కథ చెబుతారు. ఆయన పండుగ డిసెంబరు 6. నిజం తెలిసిన పిల్లలను ఆ ఏడాది నుంచి మీ జట్టులో కలుపుకోండి. చెల్లి కోసం చప్పుడు లేకుండా బహుమతి పెట్టే పని వాళ్లదవుతుంది.

అల్లరి చేస్తే తాత ఏమీ ఇవ్వడని బెదిరించకండి. ఎలాగూ ఇస్తారు, మీ మాటకు విలువ పోతుంది.

6. పండుగ రోజును తేలిక చేయండి

24 రాత్రి ఆరాధన ఆలస్యంగా ఉంటే మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టండి. పండుగ నాటి ఏడుపుల్లో చాలావాటికి కారణం నిద్ర చాలకపోవడమే. బంధువులు ఎక్కువగా వచ్చే ఇంట్లో పిల్లలు కాసేపు ఒంటరిగా ఉండటానికి ఒక గది చూపించండి. ముద్దులు పెట్టించుకోవడం ఇష్టం లేని పిల్లలను బలవంతపెట్టకండి.

అమ్మకో నాన్నకో 25న డ్యూటీ పడితే మీ ఇంటి ఆనవాయితీని ఇంకో రోజుకు జరపండి. రోజు మారినా పనుల వరుస మారకపోతే చాలు. తల్లిదండ్రులు విడిగా ఉంటే రెండిళ్లలోనూ అదే పోటీగా జరపనక్కర్లేదు. పాక ఒక ఇంట్లో, కొవ్వొత్తులు ఇంకో ఇంట్లో ఉండనివ్వండి.

ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, ఏమీ జరగనట్టు నవ్వుతూ చేయాలని చూడకండి. వాళ్లు చేసే పని ఏదో దాన్ని ఇప్పుడు ఎవరు చేయాలో పిల్లలనే అడగండి. ఎవరూ చేయొద్దంటే ఆ ఏడాదికి వదిలేయండి. పిల్లలు మధ్యలో ఏడ్చినా, వెంటనే ఆటకు పరిగెత్తినా రెండూ సహజమే.

7. జనవరి 6న సర్దిపెట్టండి

జ్ఞానులు పాకకు చేరాక అన్నీ కలిసి తీయండి. ఏ బొమ్మ ఎవరు చుట్టి పెట్టారో పెట్టె మీద పిల్లల చేతిరాతతో రాయించండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి ఏడాదీ అవే మూడు ప్రశ్నలకు అందరి జవాబులూ రాయండి: ఏది బాగుంది, ఏది విసుగనిపించింది, వచ్చే ఏడాది ఎవరిని పిలుద్దాం? రాయడం రాని పిల్లల చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీయండి. వరుసగా రెండేళ్లు విసుగని రాసిన పని ఏదైనా ఉంటే, అది మీకెంత ఇష్టమైనదైనా సరే, మూడో ఏడాది మానేయండి. నోటుపుస్తకాన్ని అదే పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి మూత వేయండి, నవంబరులో మాట్లాడుకోవడానికి ముందుగా చేతికొచ్చేది అదే కావాలి.