పిల్లలకు పల్లీలు పడటం లేదని అనుమానమొస్తే

అనుమానం వచ్చిన రోజే కాగితం మీద రాసిపెట్టండి: ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది, ఎప్పటికి తగ్గింది. దద్దుర్లను ఫోన్‌లో ఫోటో తీయండి, డాక్టర్‌ను కలిసేసరికి అవి ఉండవు. మా అబ్బాయికి ఇడ్లీలో పల్లీ చట్నీ పెట్టిన పావుగంటకే పెదాలు వాచి, మెడంతా దద్దుర్లు లేచాయి. అలర్జీ డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టి ముందు ఈ వివరాలే అడిగారు. పల్లీ అలర్జీ సాధారణంగా తిన్న నిమిషాల్లోనో, 2 గంటల లోపో బయటపడుతుంది. నిన్నటి చిక్కీకి ఇవాళ దురద వస్తే కారణం వేరే అయ్యుండొచ్చు. చట్నీలో పుట్నాలు, కొబ్బరి, నువ్వులు ఏం వేశారో కూడా చెప్పండి. అంతకుముందు పల్లీలు తిన్నప్పుడు ఏమీ కాలేదా అన్నదీ ముఖ్యమే.

తర్వాత చర్మ పరీక్ష. ముంజేతి మీదో వీపు మీదో పల్లీ సారం చుక్క వేసి, సూదిమొనతో పైపైన గుచ్చుతారు. 15, 20 నిమిషాలకు లేచిన దద్దును కొలుస్తారు. పోల్చి చూడటానికి ఉత్త సెలైన్ (ఉప్పునీరు) వేసిన చోటికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు వాడితే ఫలితం తప్పుతుంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో అపాయింట్‌మెంట్ అప్పుడే అడగండి. మందు ఆపే వీలు లేకపోయినా, ఒళ్లంతా ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబారే జబ్బు) ఉన్నా రక్తంలో పల్లీ ఐజీఈ, అంటే పల్లీకి అలర్జీ తెచ్చే యాంటీబాడీ ఎంతుందో చూస్తారు.

రిపోర్టులో పెద్ద అంకె చూసి నాకు నిద్ర పట్టలేదు. అంకె పెరిగేకొద్దీ అలర్జీ ఉండే అవకాశం పెరుగుతుందంతే, రియాక్షన్ ఎంత తీవ్రంగా వస్తుందో అది చెప్పదు. పల్లీలు హాయిగా తినే పిల్లలకూ పాజిటివ్ రావచ్చు. అందుకే ఏ లక్షణమూ లేని పిల్లలకు పదుల కొద్దీ ఆహారాలకు కలిపి చేసే ప్యానెల్ టెస్టులు వద్దు. ఐజీజీ అనే వేరే రకం యాంటీబాడీ టెస్టులకైతే రూపాయి కూడా పెట్టకండి, వాటితో అలర్జీ తేలదు.

జరిగినదానికీ పరీక్షలకూ పొంతన కుదరకపోతే ఆసుపత్రిలోనే ఇసుమంత నుంచి మొదలుపెట్టి, ఆగి ఆగి మోతాదు పెంచుతూ తినిపించి చూస్తారు. ఖాయంగా తేల్చేది ఇదే. పెద్దవాళ్లు "కొంచెం పెడితే ఏం కాదులే" అన్నా ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి.

తేలేదాకా పల్లీ పొడి, పులిహోర, గుత్తి వంకాయ మసాలా, గానుగ పల్లీ నూనె అన్నీ ఆపండి. ఊపిరి అందకపోయినా, గొంతు బొంగురుపోయినా, సొమ్మసిల్లినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. సిరప్ పట్టించి చూద్దామని ఆగకండి.