చిన్న గది కచేరీలో పాట మాటలు వినిపించాలంటే

బెంగళూరులో ఇందిరానగర్, కోరమంగళ వైపు చిన్న గదుల్లో జరిగే ఇండీ బ్యాండ్ల (పెద్ద సంగీత సంస్థల అండ లేకుండా సొంత పాటలు పాడే బృందాల) కచేరీలలో ముందు వరుసలో నిలబడితే డ్రమ్ముల మోతే తప్ప పాటలోని మాటలు తెలియవు. సొంతంగా రాసుకొచ్చిన పాటను అలా వినడం అన్యాయమనిపిస్తుంది. అంత ఇరుకు చోట డ్రమ్ములూ గిటారు ఆంప్లిఫయర్లూ నేరుగా మోగుతాయి, గొంతు మాత్రం జనం వైపు తిరిగిన స్పీకర్ల నుంచే వస్తుంది కనుక, ఆ రెండు స్పీకర్ల మధ్యకు ఎదురుగా, వెనుక మిక్సర్ (గొంతు, వాయిద్యాల శబ్దాల హెచ్చుతగ్గులను సరిచేసే పరికరం) దగ్గర కూర్చున్న వ్యక్తికి అడ్డం రాకుండా ఒక అడుగు పక్కన నిలబడండి. మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను వేళ్లతో సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా, అంటే సుమారు 30 సెకన్లు, వేలితో అదిమి ఉంచితే చెవులకు తగిలే మోత తగ్గుతుంది. మిక్సర్‌ను వేదిక పక్కన మూలకు పెట్టిన చోట మాత్రం దాని దగ్గర నిలబడితే ప్రయోజనం ఉండదు. అప్పుడు గది మధ్యకు జరగండి.