ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా ఉంటే కంప్యూటర్‌తో ఎలా కలపాలి?

చందాల జాబితా కానీ, సంఘం సభ్యుల జాబితా కానీ, నలుగురు కూర్చుని టైప్ చేస్తే ఒక్క మనిషి నలుగురైపోతాడు. విజయనగరం చుట్టుపక్కల ఊళ్ల జాబితాలు చాలా సరిచేశాను. వాటిలో సగం, ఎవరో తొందరపడి కలిపేసి పాడుచేశాక నా దగ్గరికి వచ్చినవే.

కావలసింది ఒక ల్యాప్‌టాప్, గజిబిజి జాబితాల్ని సరిచేసే ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్. అది ఉచితం, మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, పేర్లు బయటికి పోవు. ఎక్సెల్‌లో ఉండే 'రిమూవ్ డూప్లికేట్స్' మీద ఆశపెట్టుకోకండి. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నవాటినే అది తీస్తుంది. మన తలనొప్పంతా ఒకేలా లేనివాటితోనే.

ముందు 'శ్రీ', 'గారు', అదనపు ఖాళీలు తీసేయండి. ఇంటిపేరు వేరే కాలమ్‌లోనే ఉండాలి, ఇందులో బేరాల్లేవు. తెలుగు లిపిలో ఉంటే యూనికోడ్‌ని (కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే సంకేతాలు) ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే విడి ముక్కల్ని ఒకే గుర్తుగా కలిపే రూపంలోకి మార్చండి. 'పైడితల్లి'లో ఐత్వం ఒక ఫైల్లో ఒకే గుర్తుగా, ఇంకో ఫైల్లో రెండు ముక్కలుగా ఉండొచ్చు. కంటికి ఒక్కటే కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు మనుషులు.

తర్వాత శబ్దాన్ని బట్టి పోల్చడం. ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న పేర్లకు సౌండెక్స్ వాడండి. అమెరికాలో 1918లో పేటెంట్ పొందిన పద్ధతి. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చుల్ని వదిలేసి, దగ్గర శబ్దాలున్న హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. లక్ష్మిని కే-ఎస్-హెచ్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా కోడ్ ఒక్కటే. కానీ ఎర్రయ్యని ఒకరు వైతో, ఇంకొకరు ఈతో మొదలుపెడితే మొదటి అక్షరం దగ్గరే దెబ్బతింటుంది. అందుకే నేను ముందే ఆ వైని తీసేస్తాను.

స్పెల్లింగ్‌ని బట్టి పోల్చడానికి లెవెన్‌స్టైన్ దూరం ఉంది. 1965లో రష్యన్ గణితజ్ఞుడు లెవెన్‌స్టైన్ చెప్పింది. ఒక పేరుని ఇంకో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అన్న లెక్క (తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు, సున్న కూడా కంప్యూటర్‌కి విడి అక్షరాలే). తెలుగులో రమణమ్మకి, మనవాళ్లు పలికే రవణమ్మకి దూరం 1. సౌండెక్స్ దీన్ని పట్టుకోలేదు. అందుకే రెండూ వాడాలి. ఒక్కటి చాలనేవాళ్లు రవణమ్మని ఎప్పుడూ కలపలేదన్నమాట.

ఇప్పుడు అసలు చోటు. ఇక్కడ టీ తాగి కూర్చోండి.

ఎంత దూరం వరకు ఒకే మనిషి అనుకోవాలని అందరూ అడుగుతారు. అలాంటి అంకె లేదు. సింహాచలం అని రాసినా మన నోట సిమ్మాచలమే. ఆ రెండిటికీ దూరం 3, మనిషి మాత్రం ఒక్కడే. అప్పన్న, అప్పమ్మల మధ్య దూరం 2, వాళ్లు ఇద్దరు మనుషులు. మూడు వరకూ కలిపితే అప్పమ్మ మాయమవుతుంది, రెండు దగ్గర ఆపినా మాయమవుతుంది, ఒకటి దగ్గర ఆపితే సిమ్మాచలం మిగిలిపోతాడు. సౌండెక్స్ కాపాడుతుందా అంటే, దానికి 'మ', 'న' రెండూ 5 అంకే. అప్పన్న, అప్పమ్మలకు ఒకే కోడ్!

ఈ పాఠం నేను ఉచితంగా నేర్చుకోలేదు. గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి పండక్కి చందాల జాబితా చేస్తూ, రాత్రి పదకొండింటికి, ఒకే పేరు కావచ్చని ఓపెన్‌రిఫైన్ చూపించిన గుంపులన్నిటికీ 'సెలెక్ట్ ఆల్' నొక్కి కలిపేశాను. మర్నాడు మైకులో పేర్లు చదువుతుంటే ఒకావిడ లేచింది: "నా 500 ఆడి పేర్న రాసేసినారేటి?" కమిటీవాళ్లు నావైపు చూశారు. నేను మైకువైపు చూశాను.

కాబట్టి 'సెలెక్ట్ ఆల్' ముట్టుకోవద్దు. ప్రతి గుంపునీ తెరిచి, తండ్రి లేక భర్త పేరు, ఊరు కూడా కలిస్తేనే టిక్ పెట్టండి. చివర 'న్న' ఒకదానికి, 'మ్మ' ఇంకోదానికి ఉంటే టిక్ పెట్టకుండా దాటిపోండి. అనుమానం వస్తే విడిగానే ఉంచండి. రెండుసార్లున్న పేరు తర్వాతైనా దొరుకుతుంది, కలిసిపోయిన పేరు దొరకదు.

ఇదంతా అసలు కాలమ్ మీద చేయకండి. పక్కన కాపీ కాలమ్ పెట్టుకుని, దానిమీదే కలపండి. పూర్తయ్యాక ప్రింట్ తీసి ఆ ఊరి పెద్దావిడ ఎవరికైనా చదివి వినిపించండి. మా ఊళ్లో ఆ పని మా అమ్మమ్మది. కంప్యూటర్ వదిలేసినవి రెండు మూడు ప్రతిసారీ పట్టుకుంటుంది.