హెడ్డర్స్ ఫిట్టింగ్‌కి లేబర్ ఎంతవుతుందో ముందే లెక్కేసుకోవడం ఎలా?

స్పోర్ట్స్ కారుకి ఆఫ్టర్‌మార్కెట్ హెడ్డర్స్ (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే ఫ్యాక్టరీ మానిఫోల్డ్ తీసేసి దాని చోట పెట్టే పైపులు) వేయిద్దాం అనుకునేవాళ్ళు నెలల తరబడి హెడ్డర్స్ రేట్లే పోల్చుకుంటారు, ఏది సౌండ్ బాగుంది, ఎంత పవర్ పెరుగుద్ది అని వీడియోల మీద వీడియోలు చూస్తారు, లేబర్ సంగతి మాత్రం కారు లిఫ్ట్ ఎక్కాకే అడుగుతారు. అప్పటికి బేరానికి ఏం మిగలదు, సగం విప్పేసిన కారుని ఇంకో గ్యారేజ్‌కి తీస్కెళ్ళలేం కదా. ఈ పని చాలా కార్లకి చేశాను, బిల్లు దగ్గర గొడవలు కూడా చాలానే చూశాను, దాదాపు అన్నీ ఒక్కచోటే మొదలవుతాయి: పాత మానిఫోల్డ్ బోల్టుల దగ్గర. అందుకే దాని గురించి ఎక్కువ రాస్తా, మిగతావి గబగబా చెప్పేస్తా.

లెక్క అంతా గంటల్లోనే వేసుకోండి. గంట రేటు ఒక్కో షాపుకి ఒక్కోలా ఉంటుంది, గంటలు తెలిస్తే రేటుతో గుణించడం ఎంతసేపు.

1. ఏ కారు, ఏ హెడ్డర్

షార్టీ హెడ్డర్ ఫ్యాక్టరీ మానిఫోల్డ్ ఉన్న చోటే కూర్చుంటుంది, కింద పైపులు పెద్దగా కదపక్కర్లేదు. లాంగ్ ట్యూబ్ అలా కాదు, దాని కలెక్టర్, అంటే పైపులన్నీ కలిసే చోటు, బాగా కిందకి, వెనక్కి వచ్చేస్తుంది, సాధారణంగా పొగలో విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండే చోటు కూడా అదే తీసేసుకుంటుంది. దాంతో కొత్త మిడ్ పైప్, ఆక్సిజన్ సెన్సర్ వైర్లకి ఎక్స్‌టెన్షన్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూనింగ్ అన్నీ వరసగా వచ్చి పడతాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి రోడ్డు మీద తిప్పడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, పొల్యూషన్ టెస్టులో ఫెయిలైతే పాతవి మళ్ళీ బిగించాలి, అంటే లేబర్ రెండోసారి కట్టాలి. కాబట్టి మీ దగ్గర ఏది చెల్లుతుందో కనుక్కున్నాకే హెడ్డర్ ఆర్డర్ పెట్టండి.

నేను వేసే గంటలు ఇలా ఉంటాయి. టయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ లాంటి వాటిల్లో బాక్సర్ ఇంజన్, ఎగ్జాస్ట్ పోర్టులు కిందకి చూస్తూ ఉంటాయి కాబట్టి హెడ్డర్ కింద నుంచే చేతికి అందుతుంది, బోల్టులు సహకరిస్తే 3, 4 గంటలు. మాజ్డా ఎంఎక్స్-5 లాంటి ఇన్‌లైన్ ఫోర్ సిలిండర్ కూడా దాదాపు అంతే. మస్టాంగ్ జీటీకి లాంగ్ ట్యూబ్స్ అంటే 8 నుంచి 12. కార్వెట్‌కి 6 నుంచి 10. నిస్సాన్ 370జెడ్‌లో ఇంజన్ పక్కన చెయ్యి దూరే సందే ఉండదు, 10 గంటలకి తక్కువ ఎవరైనా చెప్తే వాళ్ళు ఆ కారు చేసుండరు. వీ8, వీ6 ఏదైనా రెండు వైపులా పని అని మర్చిపోకండి, ఒకవైపు స్టీరింగ్ షాఫ్ట్ అడ్డు, ఇంకోవైపు స్టార్టర్ మోటార్ అడ్డు.

షాపువాళ్ళు బుక్ టైమ్ అంటారు కదా, అది ఫ్యాక్టరీ పార్టు విప్పి అదే పార్టు బిగించడానికి పట్టే టైమ్. ఆఫ్టర్‌మార్కెట్ హెడ్డర్ ఆ పుస్తకంలో ఉండదు. మానిఫోల్డ్ టైమ్ తీసుకుని దాని మీద అంచనాగా కొంత కలుపుతారు, ఆ పుస్తకం తుప్పు పట్టిన బోల్టుల్ని లెక్కలోకి తీసుకోదు, పదేళ్ళ కారుకి బుక్ టైమ్ చూసి ధైర్యంగా ఉండటం దండగ.

2. కొటేషన్‌లో ఏముందో విడివిడిగా రాయించుకోండి

"హెడ్డర్స్ ఫిట్టింగ్ ఇంత" అని ఒక్క లైన్‌లో ఇచ్చేది కొటేషన్ కాదు. మిడ్ పైప్ కోసి వెల్డ్ చెయ్యడం అందులో ఉందా, సెన్సర్లు మార్చడం ఉందా, గ్యాస్కెట్లు, కొత్త బోల్టులు ఎవరు తెస్తారు, ఇంజన్ మౌంట్ విప్పి జాకీ మీద ఇంజన్ లేపాల్సొస్తే అది ఇందులోదేనా, సబ్‌ఫ్రేమ్ దించితే తర్వాత వీల్ అలైన్‌మెంట్ ఎవరి ఖర్చు, ట్యూనింగ్ విడిగానా కలిపా, ఇవన్నీ అడగండి. ట్యూనింగ్ దాదాపు ఎప్పుడూ విడిగానే ఉంటుంది. లాంగ్ ట్యూబ్స్ వేసి ట్యూనింగ్ వదిలేస్తే పీ0420, పీ0430 కోడ్‌లతో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యట్లేదని ఆ కోడ్‌ల అర్థం.

స్టీరింగ్ షాఫ్ట్ విప్పే కారైతే స్టీరింగ్ వీల్‌ని తాడుతోనో బెల్టుతోనో కదలకుండా కట్టెయ్యాలి. షాఫ్ట్ ఊడి ఉన్నప్పుడు ఎవరైనా వీల్ తిప్పేస్తే లోపల ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగిపోతుంది. అది విరిగితే ఎవరు కడతారు అనేది కూడా అడిగెయ్యండి, ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పేవాడికే కారు ఇవ్వండి.

పార్టులు మీరే తెచ్చిస్తే కొన్ని షాపులు గంట రేటు పెంచుతాయి, కొన్ని వారంటీ ఇవ్వవు. ఇది దోపిడీ ఏం కాదు, మీరు తెచ్చిన హెడ్డర్ పోర్టులకి సరిపోకపోతే లిఫ్ట్ మీద కారు పెట్టుకుని వాళ్ళే కూర్చోవాలి. అందుకే హెడ్డర్ డబ్బా ఇంటికి రాగానే ఫ్లాంజ్ (ఇంజన్‌కి ఆనించి బిగించే పళ్ళెం) మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి, కింద నుంచి వెలుతురు ఎక్కువ కనిపిస్తే ఫ్లాంజ్ వంగినట్టే, వెనక్కి పంపెయ్యండి. చవక హెడ్డర్స్‌లో మిగిలే డబ్బు లేబర్‌లో పోతుంది, ఇది రాసిపెట్టుకోండి.

3. పాత బోల్టులు: అసలు ఖర్చు ఇక్కడే

ఇది నెమ్మదిగా చదవండి.

చాలా కార్లలో మానిఫోల్డ్ పోత ఇనుము, ఇంజన్ హెడ్ అల్యూమినియం. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. కానీ మానిఫోల్డ్ హెడ్ కంటే చాలా ఎక్కువ వేడెక్కుద్ది, కాబట్టి ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జరుగుతూనే ఉంటాయి, మధ్యలో నలిగేది బోల్టు. పొడుగు మానిఫోల్డ్‌లో ఆ కదలిక ఎక్కువ ఉండేది రెండు చివర్లలో, అందుకే చివరి సిలిండర్ల బోల్టులే ఎక్కువగా విరుగుతాయి. జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ వీ8 ఇంజన్లలో వెనక చివర బోల్టు తల ఎగిరిపోవడం ఎంత మామూలంటే, మీ కారులో అది ఇప్పటికే విరిగి ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఇప్పటికే విరిగి ఉంటే ఫోటో తీసి కొటేషన్ అడిగేటప్పుడే చూపించండి, తర్వాత "మీరే విరగ్గొట్టారు" "కాదు ముందే ఉంది" అనే వాదన ఉండదు.

బోల్టు విరిగితే ఎంత టైమ్ పడుద్ది? కొన ముక్క బయటికి కనిపిస్తూ ఉండి, టూల్ అందే చోట ఉంటే అరగంట. హెడ్ లోపలికి విరిగి, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పక్కన ఉంటే 3 గంటలు కూడా చాలవు. మరీ ఖర్మ కాలితే హెడ్ దించాలి, అప్పుడు అది హెడ్డర్ పని కానే కాదు, ఇంజన్ పని. అంటే 8 గంటల పని ఒక్క బోల్టుతో 12 అవ్వొచ్చు, 20 కూడా అవ్వొచ్చు. లేబర్ ఎంత అనే ప్రశ్నకి షాపువాళ్ళు గట్టిగా జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. వాళ్ళు దాస్తున్నారని కాదు, ఆ బోల్టు తిరిగేదాకా ఎవరికీ తెలీదు.

కాబట్టి కారు ఇవ్వడానికి ముందు మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది, ఇది పైసా లేబర్ లేని పని. ఫిట్టింగ్‌కి వారం ముందు నుంచి రోజూ సాయంత్రం, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, అందిన ప్రతి బోల్టు మొదట్లో పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. కాలిపోతున్న ఇంజన్ మీద కొట్టకండి, మంట అంటుకుంటుంది. మామూలు డబ్ల్యూడీ-40 డబ్బా దీనికి సరిపోదు, పెనిట్రేటింగ్ ఆయిల్ అని రాసున్నదే కొనండి. పొద్దున కారు తిప్పండి, సాయంత్రం మళ్ళీ కొట్టండి. వేడెక్కి చల్లారేటప్పుడే ఆయిల్ లోపలికి దిగుతుంది, ఒక్కసారి గుమ్మరించి వెంటనే పానా పెడితే ఏం లాభం లేదు.

విప్పేటప్పుడు ఇంపాక్ట్ గన్ పెట్టే షాపుకి కారు ఇవ్వకండి. చాలామంది ఇంపాక్ట్ అయితే తొందరగా వస్తాయి అంటారు, వస్తాయి, విరిగి వస్తాయి. చేత్తో, ఆరు మూలల సాకెట్‌తో, కొంచెం వదులు చేసి మళ్ళీ కొంచెం బిగించి, మళ్ళీ వదులు చేసి, ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తియ్యాలి. బోల్టు తిరుగుతుంటే చేతికి ఒక తీరుగా తెలుస్తుంది, విరగబోతుంటే రబ్బరు మెలితిప్పినట్టు మెత్తగా సాగుతుంది, గన్ పట్టుకున్నవాడికి ఆ తేడా ఎప్పటికీ తెలీదు. మెత్తగా అనిపించిన క్షణమే ఆపేసి వేడి చెయ్యాలి. నా ఓటు మంట లేకుండా కరెంటుతో వేడి చేసే ఇండక్షన్ హీటర్‌కే, గ్యాస్ టార్చ్ పక్కన వైర్లు, ఫ్యూయల్ లైన్లు ఉన్నచోట పెట్టే వస్తువు కాదు.

విరిగాక కూడా పద్ధతి ఉంది. హెడ్‌లో మిగిలిన బోల్టు ముక్క మీద నట్టు పెట్టి వెల్డ్ చేసి, ఆ నట్టుని పట్టుకుని తిప్పడమే సరైన పద్ధతి. వెల్డింగ్ వేడికే తుప్పు వదులుతుంది, ఉక్కు వెల్డు అల్యూమినియానికి అంటుకోదు కాబట్టి హెడ్‌కి వచ్చే ముప్పు తక్కువ. ఒకసారి రాకపోతే ఇంకో నట్టు వేసి మళ్ళీ వెల్డ్ చెయ్యొచ్చు, మూడోసారికి వచ్చినవి ఎన్నో. కానీ కొందరు నేరుగా డ్రిల్లు వేసి అందులో స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ దించుతారు. ఆ ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టి ఉక్కు, అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాని మీద గీత కూడా పెట్టదు, అరగంట పనిని రెండు రోజుల పని చేసేది ఇదే. డ్రిల్లే వెయ్యాల్సొస్తే ఎడమవైపు తిరిగే బిట్, సరిగ్గా మధ్యలో పడటానికి గైడ్ ప్లేట్ ఉండాలి. పక్కకి పోయి అల్యూమినియం త్రెడ్ తినేస్తే హెలికాయిల్ లాంటి ఇన్సర్ట్ (కొత్త త్రెడ్ ఇచ్చే తీగ చుట్ట) వెయ్యాలి, అది ఇంకో లైన్ ఖర్చు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది రాతలో పెట్టించుకోండి: ఫిట్టింగ్‌కి ఫిక్స్‌డ్ రేటు ఎంత, విరిగిన బోల్టు ఒక్కోదానికి ఎంత లేదా గంటకి ఎంత, ఎన్ని గంటలు దాటితే పని ఆపి మీకు ఫోన్ చెయ్యాలి. ఈ మూడోది అస్సలు వదలకండి. నేనైతే అదనంగా రెండు గంటలు పడగానే ఫోన్ చెయ్యాలనే రాయిస్తా. మొత్తం గంటల లెక్కనే బిల్లు వేస్తాం అనే షాపు వద్దు, నెమ్మదిగా చేసేవాడికి ఎక్కువ డబ్బులొచ్చే పద్ధతి అది. అలాగే "ఏమైనా సరే ఇంతే" అని అన్నీ కలిపి ఫిక్స్‌డ్ చెప్పే షాపు కూడా వద్దు, బోల్టు విరిగితే వాళ్ళు టైమ్ మిగుల్చుకోవాలని ఆ ఒక్క రంధ్రం ఖాళీగా వదిలేసి మిగతావి బిగించి ఇచ్చేస్తారు, ఇలా వచ్చిన కార్లు నా దగ్గరే బాగు చేశాం. ఫిట్టింగ్‌కి ఫిక్స్‌డ్, బోల్టుకి విడిగా, ఇదొక్కటే ఇద్దరికీ న్యాయమైన లెక్క.

4. బిగించడం

తేలిక. కొత్త మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్లు వాడమనండి, హెడ్డర్ డబ్బాలో వచ్చే కాగితం లాంటి గ్యాస్కెట్ చెత్తబుట్టలోకే. హెడ్ ముఖం శుభ్రం చెయ్యాలి, బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించాలి, ఒక్కటి కూడా బిగించకముందే అన్నీ కూర్చోవాలి. తర్వాత మధ్య నుంచి చివరలకి, రెండు విడతల్లో టార్క్ రెంచ్‌తో, ఎల్‌ఎస్ ఇంజన్‌కైతే 15 న్యూటన్ మీటర్లు, తర్వాత 25. స్టెయిన్‌లెస్ హెడ్డర్ అయితే స్టార్ట్ చేసేముందు ఆల్కహాల్‌తో తుడవాలి, లేకపోతే వేలిముద్రలు కాలి అలాగే ఉండిపోతాయి. హెడ్డర్ ర్యాప్ (వేడి ఆపే గుడ్డ పట్టీ) చుట్టించకండి, అది తేమ పట్టి ఉంచుతుంది, మైల్డ్ స్టీల్ పైపుని తుప్పు తినేస్తుంది, పైగా చుట్టడానికి గంటన్నర లేబర్. వేడి తగ్గాలంటే సిరామిక్ కోటింగ్ ఉన్నదే కొనుక్కోండి.

5. అదే లేబర్‌లో కలిసొచ్చే పనులు

ఇంజన్ మౌంట్లు పాతబడి ఉంటే ఇప్పుడే మార్చండి, ఎలాగూ విప్పుతున్నారు. స్టార్టర్ మోటార్ మూలుగుతుంటే అదీ అంతే. స్పార్క్ ప్లగ్స్ అయితే పాత వీ8ల్లో హెడ్డర్ పెట్టాక అందనే అందవు, ముందే వేసెయ్యండి. లాంగ్ ట్యూబ్స్ వేసేటప్పుడు క్లచ్ మార్చే టైమ్ కూడా దగ్గరపడి ఉంటే రెండూ ఒకేసారి చేయించండి, ఎగ్జాస్ట్ విప్పే టైమ్ రెండు బిల్లుల్లో కట్టక్కర్లేదు. ఈ కలిసొచ్చే గంటలు తగ్గించమని గట్టిగా అడగండి, బుక్ టైమ్‌లు రెండూ పూర్తిగా కూడి బిల్లు వేసే షాపులు ఉన్నాయి.

6. కారు తీసుకునేటప్పుడు

చల్లటి ఇంజన్ మీద స్టార్ట్ చేసి వినాలి, వేడెక్కాక కాదు. లీకు ఉంటే చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని వినిపిస్తుంది, లోహం వేడికి సాగాక సందు మూసుకుని ఆగిపోతుంది, కాబట్టి ముందు రోజు రాత్రి నుంచి షాపులోనే ఉంచమని చెప్పి పొద్దున్నే వెళ్ళండి. మొదటి స్టార్ట్‌లో కాసేపు పొగ, వాసన వస్తే కంగారు పడకండి, ఆయిల్ మరకలు, కోటింగ్ కాలుతుంటాయి. లీకు చిన్నదే కదా అని వదిలెయ్యకండి, ఆక్సిజన్ సెన్సర్ కంటే ముందు లీకుంటే బయటి గాలి లోపలికి లాగుతుంది, ఇంజన్ లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువై, నడుస్తోందని ఈసీయూ పొరబడి పెట్రోల్ ఎక్కువ పంపుతుంది.

కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక గ్యాస్కెట్లు నొక్కుకుని బోల్టులు కొంచెం వదులవుతాయి, మళ్ళీ టార్క్ చెయ్యాలి. దీనికి విడిగా డబ్బులు అడగకూడదు, మొదటి బిల్లు మీదే రాయించుకోండి. అప్పుడు కూడా టిక్ వస్తుంటే సైలెన్సర్ వెనక నుంచి బ్లోయర్‌తో గాలి పంపించి, జాయింట్ల మీద సబ్బునీళ్ళు చల్లమనండి. బుడగలు ఫ్లాంజ్ దగ్గర వస్తే షాపు ఫిట్టింగ్ తేడా, లేబర్ వాళ్ళదే. పైపు వెల్డింగ్ మీద వస్తే హెడ్డర్ తయారీదారు తప్పు, పార్టు కొత్తది ఇస్తారు కానీ విప్పి బిగించే లేబర్ చాలా కంపెనీలు ఇవ్వవు, హెడ్డర్ కొనేముందు వారంటీ కాగితంలో ఆ లైన్ ఉందో లేదో చూస్కోండి.