వేసవి సెలవుల్లో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలంటే: మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

ఏప్రిల్ నెలాఖరులో బళ్లు మూసేసిన దగ్గర్నుంచి జూన్ రెండో వారంలో మళ్లీ తెరిచేదాకా మన పిల్లలకు బోలెడంత ఖాళీ. ఎండలో ఆడుకోనివ్వలేక, ఇంట్లో చేతిలో ఫోన్ లాక్కోలేక అమ్మానాన్నలు ఏదో ఒక సమ్మర్ క్లాసు కోసం చూస్తూ ఉంటారు. మీకు ప్రోగ్రామింగ్ కాస్త వచ్చి, ఐదారు కంప్యూటర్లు దొరికే చోటు ఉంటే, అది బడి ల్యాబ్ కావచ్చు, అపార్ట్‌మెంట్ హాల్లో తలా ఒకరు తెచ్చిన లాప్‌టాప్‌లు కావచ్చు, ఆ క్లాసు మీరే పెట్టేయొచ్చు. ప్రతి వేసవిలో నేను ఇష్టంగా చేసే పని ఇదే. అందుకే ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. పిల్లల చేతిలోంచి మౌస్ తీసుకోకండి. "సార్, పనిచెయ్యట్లేదు" అనగానే వంగి రెండు క్లిక్కుల్లో సరిచేసెయ్యాలనిపిస్తుంది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో మనకు కనిపిస్తూనే ఉంటుంది, పైగా పక్కన ఇంకో నలుగురు చేతులెత్తి ఉంటారు. కానీ ఆ తప్పును వెతికి పట్టుకోవడమే అసలు ప్రోగ్రామింగ్. అది మనం చేసేస్తే పిల్లాడికి మిగిలేది చూడటం ఒక్కటే. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి "నువ్వు ఏం జరగాలనుకున్నావు? ఏం జరిగింది?" అని అడగండి. చాలాసార్లు రెండో ప్రశ్నకు జవాబు చెప్తూ ఉండగానే వాళ్లకే దొరికిపోతుంది. ఈ ఒక్క పద్ధతి సరిగ్గా నడవడానికి కావలసిన ఏర్పాట్లే కింద రాసినవన్నీ.

ముందు బ్యాచ్ సంగతి. 8 నుంచి 10 ఏళ్ల వాళ్లను ఒక బ్యాచ్, 11 నుంచి 14 ఏళ్ల వాళ్లను ఇంకో బ్యాచ్ చెయ్యండి. చిన్నవాళ్లకు స్క్రాచ్ అనే బ్లాకుల భాష, పెద్దవాళ్లకు పైథాన్ అనే టైప్ చేసి రాసే భాష. కలిపితే పెద్దవాళ్లకు విసుగు, చిన్నవాళ్లకు బెరుకు. అంతకంటే చిన్నవాళ్లకు స్క్రాచ్ జూనియర్ అని ట్యాబ్‌లో నడిచేది వేరే ఉంది, దాన్ని ఈ క్లాసులో కలపొద్దు. ఒక్కరే నేర్పుతుంటే 12 మంది చాలు, కంప్యూటర్‌కి ఇద్దరు. పొద్దున 8 నుంచి 10 దాకా పెట్టుకోండి, మే నెలలో ఆ తర్వాత ల్యాబ్‌లో కూర్చోవడం కష్టం, మధ్యాహ్నమైతే కరెంటు పోతుందనే భయం కూడా.

కంప్యూటర్లను రెండు రోజుల ముందే చూసుకోండి. స్క్రాచ్‌కి నెట్ లేకుండా నడిచే డెస్క్‌టాప్ యాప్ ఉంది కానీ దానికి విండోస్ 10 లేదా ఆపైది కావాలి, పాత విండోస్ 7 మెషీన్ల మీద అది ఎక్కదు. ల్యాబ్‌లో ఉన్నది లినక్స్ అయితే బ్రౌజర్‌లో స్క్రాచ్ సైట్ తెరుచుకోవాలి, నెట్ ఉండాలి. సైట్‌లో లాగిన్ అవ్వకుండానే ప్రాజెక్ట్ చేసి కంప్యూటర్‌లో సేవ్ చేసుకోవచ్చు, కాబట్టి పిల్లల పేర్లతో అకౌంట్లు తెరిచే పని పెట్టుకోకండి. డెస్క్‌టాప్ యాప్ దానంతట అది సేవ్ చెయ్యదు. యూపీఎస్ లేని చోట కరెంటు పోతే గంటసేపు చేసిన పని మొత్తం పోతుంది, ఇక ఆ పిల్లల ముఖాలు చూడలేం. పది నిమిషాలకోసారి "సేవ్!" అని మీరు అరవడం, వాళ్లు తిరిగి అరవడం మొదటి రోజు నుంచే అలవాటు చెయ్యండి.

మొదటి రోజు మాత్రం కంప్యూటర్ ఆన్ చెయ్యొద్దు. బల్ల మీద గిన్నెలో పెరుగు, చెంబుతో నీళ్లు, ఉప్పు, చెంచా, గ్లాసు పెట్టండి. "నేను రోబోని, నాకు మజ్జిగ చెయ్యడం రాదు, మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తాను" అనండి. ఎవరో ఒకరు "పెరుగు గ్లాసులో వెయ్యండి" అంటారు, మీరు గిన్నె మొత్తం గ్లాసు మీద వంచండి. "నీళ్లు పొయ్యండి" అంటే పోస్తూనే ఉండండి, గ్లాసు పొంగి బల్ల తడిసి అందరూ "ఆపండి ఆపండి" అని కేకలు పెట్టేదాకా. ఎప్పుడు ఆపాలో చెప్పలేదుగా అని అడగండి. ఆ తర్వాత ఇద్దరిద్దరు కాగితం మీద మెట్లు రాసి పక్క జట్టుకి ఇస్తే, వాళ్లు రాసినదాన్ని రాసినట్టు చేసి చూపిస్తారు. కంప్యూటర్ మన మనసులో ఉన్నది చెయ్యదు, మనం చెప్పింది చేస్తుంది అనే సంగతి ఇక వేరే వివరించక్కర్లేదు. క్లాసు అయ్యాక అందరికీ మజ్జిగ.

చిన్న బ్యాచ్‌కి స్క్రాచ్ చాలు, మొత్తం సెలవులూ అదే చాలు. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో విడుదల చేసిన ఈ భాషలో ఆదేశాలేవీ టైప్ చెయ్యక్కర్లేదు, రంగురంగుల బ్లాకుల్ని ఒకదానికొకటి తగిలించడమే. ఇంగ్లీషు స్పెల్లింగ్ భయం ఉన్న తెలుగు మీడియం పిల్లలకు ఇది చాలా పెద్ద ఊరట. మీరు తెలుగులోనే మాట్లాడండి, కానీ బ్లాకుల పేర్లు మాత్రం ఫరెవర్ (ఆపేదాకా చేస్తూనే ఉండు), రిపీట్ (ఇన్నిసార్లు చెయ్యి), ఇఫ్ (ఇలా అయితేనే చెయ్యి) అనే అనండి, వాళ్లకు తెర మీద కనిపించేవి అవే కదా. బొమ్మలు కదిలే చోటును స్టేజీ అంటారు, దాని మీద అడ్డంగా మైనస్ 240 నుంచి 240, నిలువుగా మైనస్ 180 నుంచి 180 దాకా లెక్క. మైనస్ సంఖ్యలు బడిలో ఆరో తరగతిలో గానీ రావు, అయినా కంగారు పడొద్దు. స్క్రాచ్ తెరవగానే స్టేజీ మీద కనిపించే పిల్లి బొమ్మను మౌస్‌తో లాగుతూ కింద మారే అంకెల్ని చూడమంటే నాలుగో తరగతి పిల్లలు కూడా పట్టేస్తారు.

నేను మొదట చేయించేది మామిడికాయలు పట్టే ఆట. కింద బుట్ట బాణం గుర్తుల కీలతో కదులుతుంది. పైన ఏదో ఒక చోటు నుంచి కాయ పడుతుంది, అంటే ఎక్స్ (అడ్డం) స్థానంలో మైనస్ 220 నుంచి 220 లోపు ఏదో ఒక సంఖ్య రావాలి, ఆ తర్వాత వై (నిలువు) మైనస్ 5 చొప్పున మారుతూ ఉండాలి. బుట్టకు తగిలితే స్కోరు ఒకటి పెరగాలి, నేలకు తగిలితే మళ్లీ పైకి వెళ్లాలి. కాయ బొమ్మ వాళ్లనే గియ్యమనండి, కానీ దానికి ఇరవై నిమిషాలే అని ముందే చెప్పండి. లేకపోతే ఆ రోజంతా కాయకు తొడిమె, తొడిమెకు ఆకు, ఆకుకు ఈనెలు గీస్తూనే ఉంటారు.

ఈ ఆటను ఎంచుకోవడానికి అసలు కారణం ఇందులో వచ్చే తప్పులు. మూడు తప్పులు ప్రతి బ్యాచ్‌లో వస్తాయి. మొదటిది, తగిలిందా లేదా అని చూసే ఇఫ్ బ్లాకును ఫరెవర్ బయట పెట్టడం. అప్పుడు ఆట మొదలుపెట్టే పచ్చ జెండా నొక్కిన క్షణంలో ఒక్కసారి చూసి ఊరుకుంటుంది, ఇక ఎన్ని కాయలు పట్టినా స్కోరు సున్నాయే. రెండోది వాళ్లకు భలే నచ్చే తప్పు: ఒక్క కాయ పట్టగానే స్కోరు ఐదో ఆరో ఎగిరిపోతుంది. ఫరెవర్ ఒక సెకనులోనే చాలాసార్లు తిరుగుతుంది, కాయ బుట్టలోంచి జారి కిందికి పోయేదాకా తిరిగిన ప్రతిసారీ "తగిలింది" అనే జవాబే వస్తుంది. స్కోరు పెంచిన వెంటనే కాయను పైకి పంపేస్తే సరిపోతుంది, కానీ ఆ మాట మీరు అనకండి. "స్కోరు పెరిగాక కాయ ఇంకా ఎక్కడుంది?" అని అడిగి పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్లిపోండి. మూడోది, ఆట కొత్తగా మొదలుపెట్టినా పాత స్కోరు అలాగే ఉండిపోవడం. దీన్ని ఎక్కువగా పక్కవాళ్లే పట్టుకుంటారు, పోటీ కదా.

ఆట నడవగానే "ఇప్పుడు ఇది మీది, ఏం మారుస్తారు?" అనండి. ఒకరు కాకిని తెస్తారు, కాయ ఎత్తుకుపోవడానికి. ఒకరు పది దాటగానే వేగం పెంచుతారు. మైకు ఉంటే "అబ్బా, పోయింది!" అని సొంత గొంతు రికార్డు చేసి పెట్టుకుంటారు. మీ సిలబస్‌లో ఆ రోజు ఇంకేదో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. మీరు బోర్డు మీద రాసింది అందరూ ఒకేలా దించుకునే క్లాసు అయితే బడి సరిపోతుంది, సెలవుల్లో ఇంకోటి ఎందుకు?

ఇక పెద్ద బ్యాచ్. వాళ్లకు రెండు మూడు రోజులు స్క్రాచ్ చూపించి పైథాన్‌లోకి తీసుకెళ్లండి, అందులోనూ ముందు టర్టిల్, అంటే మనం చెప్పినట్టు తెర మీద నడుస్తూ గీతలు గీసే తాబేలు. 1967లో సీమూర్ పేపర్ట్, వాలీ ఫ్యూర్జైగ్, సింథియా సోలమన్ పిల్లల కోసం లోగో అనే భాష తయారు చేశారు, అందులోంచి వచ్చిన తాబేలే ఇప్పుడు పైథాన్‌లో భాగంగా దొరుకుతుంది. రాయడానికి థానీ అనే ఎడిటర్ ఇన్‌స్టాల్ చెయ్యండి, ఉచితం, లినక్స్ మీద కూడా నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: పిల్లలు తమ ఫైలుకి టర్టిల్ అనే పేరే పెట్టేస్తారు, అలా పెడితే పైథాన్ అసలు టర్టిల్‌ను వదిలేసి వీళ్ల ఫైలునే తెచ్చుకుని అర్థంకాని ఎర్రర్ చూపిస్తుంది. పిల్లలు సొంతంగా పట్టుకోలేని తప్పు ఇదొక్కటే, కాబట్టి దీన్ని మాత్రం ముందే చెప్పేయండి.

చతురస్రం అందరికీ వస్తుంది: ఫార్వర్డ్ 100, రైట్ 90, నాలుగుసార్లు. తర్వాత సమబాహు త్రిభుజం గియ్యమంటే అందరూ కోణం 60 అని పెడతారు, బడిలో అలాగే చదువుకున్నారు కాబట్టి. తాబేలు మూడు గీతలు గీసి, మూసుకోకుండా, సగం షడ్భుజి దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఏమీ చెప్పకుండా నేల మీద సుద్దతో త్రిభుజం గీసి, దాని మీద ఒకరిని నడిపించండి. మూల దగ్గరికి వచ్చాక ఎంత తిరగాల్సి వచ్చిందో ఒళ్లే చెప్తుంది: 60 కాదు, 120. ఒక చుట్టు తిరిగి వస్తే మొత్తం 360, దాన్ని భుజాల సంఖ్యతో భాగించాలి అని ఎవరో ఒకరు కనిపెడతారు, ఇక ఐదు భుజాలకు 72, ఆరింటికి 60 అంటూ వాళ్లే పరుగెడతారు. ఐదు కోణాల నక్షత్రానికి 144. ఎందుకో ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మనండి.

ఆ తర్వాత ముగ్గులు. ఈ భాగం నాకు అన్నిటికంటే ఇష్టం. "15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చే వరకు" అని అమ్మలు, అమ్మమ్మలు ముగ్గుల పుస్తకాల్లో రాసుకుంటారే, అది అచ్చంగా ప్రోగ్రామే. మధ్య వరుసలో 15, దానికి పైనా కిందా 14, తర్వాత 13, అలా 8 దాకా, ప్రతి వరుస సగం సందు జరిగి మొదలవ్వాలి. మొత్తం ఎన్ని చుక్కలు వస్తాయో ముందు కాగితం మీద లెక్కపెట్టమనండి: 169. ఇప్పుడు వరుసగా సంఖ్యలిచ్చే రేంజ్‌తో లూప్ (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించేది) రాసి, చుక్క పెట్టినప్పుడల్లా లెక్క దాచుకునే ఒక వేరియబుల్‌ను ఒకటి పెంచమనండి. రేంజ్‌లో ఆఖరి సంఖ్య 8 అనే రాస్తారు కాబట్టి లెక్క 153 వస్తుంది, ముగ్గు పైనా కిందా ఒక్కో వరుస తక్కువ పడుతుంది, ఎందుకంటే రేంజ్ ఆఖరి సంఖ్య దాకా వెళ్లదు, దానికి ముందే ఆగుతుంది. పోయిన చుక్కలు 16, అంటే రెండు ఎనిమిదులు అని తెలిసిన క్షణంలో వాళ్లలో వచ్చే సందడి కోసమే నేను ఈ క్లాసు పెడతాను. ముగ్గు వెయ్యడం వచ్చిన అమ్మాయిలు ఈ రోజు క్లాసుకి టీచర్లు, వాళ్లను బోర్డు దగ్గరికి పిలవండి. తాబేలు నెమ్మదిగా నడుస్తుంది, స్పీడ్ సున్నా పెడితే గబగబా గీస్తుంది.

ఎర్రర్ రాగానే పిల్లలకు టెన్షన్. ఎర్ర అక్షరాల్ని పైనుంచి కాదు, ఆఖరి లైను నుంచి చదవమనండి, ఏ లైనులో తప్పుందో ఆ పైనే ఉంటుంది. ఎక్కువగా కోలన్ మరిచిపోవడమో, స్పెల్లింగ్ తప్పో, స్పేసులు సరిపోకపోవడమో ఉంటుంది. ఒక చార్టు గోడకు అంటించి, దొరికిన ప్రతి తప్పునూ పట్టుకున్నవాళ్ల పేరుతో అందులో రాయించండి. వారం తిరిగేసరికి మిమ్మల్ని పిలవడం మానేసి చార్టు దగ్గరికి వెళ్తారు.

అక్షరాలతో ఆడించాలంటే తెలుగే వాడండి. పైథాన్ 3లో కోట్స్ మధ్య తెలుగు హాయిగా పనిచేస్తుంది. "తెలుగు" అనే మాటకు లెన్, అంటే ఎన్ని అక్షరాలో, అడిగితే 6 అంటుంది. మూడేగా అని గొడవ మొదలవుతుంది, గుణింతం గుర్తుల్ని కంప్యూటర్ విడిగా దాచుకుంటుందని వాళ్లు తేల్చేదాకా.

కంప్యూటర్‌కి ఇద్దరు అన్నాను కదా, 15 నిమిషాలకోసారి గంట కొట్టి కీబోర్డు మార్పించండి. కొట్టకపోతే గట్టివాళ్లు వదలరు, మెతకవాళ్లు అడగరు. అన్నాచెల్లెళ్లను ఒకే కంప్యూటర్ దగ్గర అసలు కూర్చోబెట్టొద్దు. కీబోర్డు దగ్గర లేనివాళ్లు వేలు పెట్టి చూపించొచ్చు, నోటితో చెప్పొచ్చు, కీలు మాత్రం నొక్కకూడదు. ఈ రూలు మీకూ వర్తిస్తుందని వాళ్ల ముందే చెప్పండి, తప్పితే వాళ్లే పట్టుకుంటారు.

తల్లిదండ్రులు ఏఐ నేర్పుతారా, సర్టిఫికెట్ ఇస్తారా అని అడుగుతారు. ఆఖరి రోజు మీ పాప చేసిన ఆట మీరే ఆడి చూస్తారు అని చెప్పండి. పెద్ద పిల్లలు చాట్‌బాట్‌ను అడిగి కోడ్ తెచ్చుకుంటారు, తిట్టక్కర్లేదు, ప్రతి లైనూ ఏం చేస్తుందో చెప్పగలిగితేనే ప్రాజెక్టులో ఉంచుకోవచ్చు అనే షరతు పెడితే చాలు.

ఆ ఆఖరి రోజు అమ్మానాన్నల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పిల్లల్ని పక్కన నిలబెట్టండి. ఆట గురించి కాదు, ఆ ఆటలో తను వెతికి పట్టుకున్న ఒక తప్పు గురించి ప్రతి ఒక్కరూ చెప్పాలి. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేయండి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు, ఇంట్లోవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైథాన్ రాసి నడిపే పైడ్రాయిడ్ 3 అనే యాప్ వేసి, ఎక్కాల క్విజ్ లాంటి చిన్న ప్రోగ్రాం ఒకటి అక్కడే రాయించి పంపండి. బడి ల్యాబ్ వాడుకున్నట్టయితే, సెలవుల తర్వాత వారానికి ఒక గంట ఈ పిల్లల్ని కూర్చోనివ్వమని హెడ్మాస్టరు గారిని అదే రోజు, తల్లిదండ్రులందరూ ఉండగానే అడగండి.